నురగ ఆరేదాకా

జనవరి 18
షాపు నుంచి, బేరాల్లేని పూట

బావగారికి, ఆయన కోటుకి, ఆ కోటు జేబులోని మూడు పెన్నులకి విడివిడిగా నమస్కారాలు.

అక్క ఆజ్ఞ ప్రకారం రాస్తున్నాను. మొన్న మనిద్దరి అరుపులు భరించలేక ఫోన్ లాక్కుని, ఇక గవర్నమెంటు గురించి వాదించుకోవాలంటే కాగితం మీద వాదించుకోమని చెప్పింది కదా. ఆవిడకి పోలీసు లేడు, స్టాంపు లేదు, అయినా ఇద్దరం లొంగిపోయాం. నేను మొత్తుకునేదీ అదే.

మీరు కోర్టు గుమాస్తాగా తల నెరిసినవారు. నేను బడి గోడ దూకి కత్తెర పట్టినవాణ్ని. అయినా నా షాపులో జరుగుతున్నదాని గురించి అక్క సగం చెప్పగానే మీరు మండిపడ్డారు కాబట్టి మిగతా సగం వినండి. మా వీధిలో ఎవరికైనా పేచీ వస్తే ఇద్దరూ నా దగ్గరికి వస్తారు. ఒకణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు కిందనుంచి గొంతు దాకా నురగ దట్టంగా పట్టిస్తాను. నోరు తెరిస్తే సబ్బు లోపలికి పోతుంది, అందుకని తెరవడు. ఆ నురగ ఆరేదాకా రెండోవాడు చెప్పుకోవచ్చు. తర్వాత గడ్డం గీసి లేపి, ఆ రెండోవాణ్ని కూర్చోబెడతాను. ఎదురింటి కుట్టుపని ఆవిడ లాంటి ఆడవాళ్లయితే గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని వింటారు, ఫలితం అదే. తీర్పు నేను చెప్పను. ఎదుటివాడి మాట ఒక్కసారి చివరిదాకా విన్నవాళ్లకి తీర్పుతో పెద్దగా పని పడదు.

అసలు విషయానికొస్తాను. మీ నాన్నగారి అచ్చు ప్రెస్సుకి కోర్టు తాళం వేసి కూర్చుంది. లోపల మెషిను తుప్పు పడుతోంది, బయట అన్నదమ్ములు తుప్పు పడుతున్నారు. మీ తమ్ముడు, అదే మా చిన్నబావ, ఆ ఊరొదిలి వచ్చి, మా వీధి చివర ఎవరివో పుస్తకాలకి అట్టలు వేసుకుంటున్నాడు. మీరిద్దరూ ఒక్కసారి వచ్చి నా కుర్చీలో కూర్చోండి. గడ్డానికి పైసా తీసుకోను.

ఇట్లు,
అక్కతో పాటు మీకు ఉచితంగా వచ్చిన బామ్మర్ది


జనవరి 27
కోర్టు ఆఫీసు, భోజన విరామం

ఒరేయ్ బామ్మర్దీ,

కవరు మీద "ఘనత వహించిన ప్రధాన న్యాయమూర్తి" అని రాశావు. మా బంట్రోతు దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిజంగా జడ్జిగారి గదిలోకి తీసుకెళ్లాడు. ఆయన తిప్పి పంపేటప్పుడు నా వైపు చూసిన చూపు ఇంకా నా వీపు మీదే ఉంది. ఇంకోసారి ఇలా చేస్తే ఉత్తరం చదవకుండా తిప్పి పంపుతాను.

నీ నురగ గురించి చదివాను. బాగుంది, పిల్లల ఆటలా ఉంది. రావాలనుకున్నవాళ్లు వస్తారు, వినాలనుకున్నవాళ్లు వింటారు. మంచివాళ్లకి కోర్టు అక్కర్లేదని మాకూ తెలుసు. నా ప్రశ్న ఒక్కటే. కుర్చీలో కూర్చోను పొమ్మన్నవాణ్ని నువ్వేం చేస్తావు? అలాంటివాడి కోసమే మా భవనం, మా బంట్రోతు, మా తాళాలు. వెనక బలం లేని న్యాయం బలవంతుడి దయ మీద బతకాలి.

ప్రెస్సు విషయం నీకు తెలియనిది కాదు. అది నాన్న కాలితో తొక్కి నడిపిన మెషిను. మీ చిన్నబావ దాన్ని పాత ఇనుము వాడికి అమ్మబోయాడు. నేను కోర్టుకి వెళ్లాను, కోర్టు ఆపింది. వెళ్లకపోతే ఈపాటికి అది ఎవరి ఇంటికో కిటికీ ఊచలై ఉండేది. వాయిదాలు పడుతున్నాయంటే పడతాయి. చట్టం నెమ్మదిగానే నడుస్తుంది.

మీ అక్క నిన్ను చలికి మెడకేమైనా చుట్టుకోమంది.

మీ బావ


ఫిబ్రవరి 9
షాపు నుంచి, కత్తులు నూరుకున్నాక

నెమ్మదిగా నడిచే బావగారికి,

ఈసారి కవరు మీద మీ పేరే రాశాను. బంట్రోతుగారు నిరాశపడి ఉంటారు.

మీ ప్రశ్నకి జవాబు చెప్పే ముందు నావి రెండు ప్రశ్నలు. నా షాపు ముందునుంచి నడిచి వెళ్లే ప్రతివాడి దగ్గరా, గడ్డం గీయించుకున్నా లేకపోయినా, నేను డబ్బు గుంజితే నన్నేమంటారు? రౌడీ అంటారు. అదే పని మీవాళ్లు చేస్తే పన్ను అంటారు, పైగా ఆలస్యమైతే జరిమానా. రెండోది. నేను గీసిన గడ్డం నచ్చనివాడు పక్క షాపుకి పోతాడు. ఆ భయంతోనే నా కత్తి పదునుగా ఉంటుంది. మీ కోర్టుకి పక్క షాపు ఏది? ఉంటే మీ పెద్దలు ఇన్ని వాయిదాలు వేసేవారా? బలహీనుడికి అండ అంటారు గానీ, మా వీధిలో తోపుడు బళ్లవాళ్లని లాఠీతో తరిమేది మీ బలమే. ఎండలో వాళ్లకి అరుగు మీద చోటిచ్చింది షాపులవాళ్లం, ఎవరి ఉత్తర్వూ లేకుండా.

ఇక కుర్చీలో కూర్చోననేవాడి సంగతి. మీరు ఏ నోటితో అన్నారో గానీ, సరిగ్గా అలాంటివాడు దొరికాడు. ఐసు డిపో ఆసామి. జనరేటరు తెచ్చి కుట్టుపని ఆవిడ గోడకి ఆనించి పెట్టాడు. అది మొదలైతే ఆవిడ గోడ, గోడతో బల్ల, బల్లతో మిషను వణుకుతాయి. కుట్టు వంకరపోయి జాకెట్లు తిరిగొస్తున్నాయి. ఆవిడ బతుకంతా ఆ బల్ల మీదే. రమ్మని ఎన్నిసార్లు కబురు పెట్టినా, గడ్డం ఇంట్లోనే గీసుకోవడం వచ్చని జవాబు.

నా బుర్రకి పని పడింది. నా దగ్గర జుట్టుకి రంగేయించుకునే నాటకాలాయన ఒకడున్నాడు, ఎప్పుడూ ఇన్‌స్పెక్టరు వేషాలే. ఖాకీ దుస్తులు, టోపీ, లాఠీతో వచ్చి డిపో ముందు నిలబడ్డాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు బావగారూ. జనరేటరు వైపు చూశాడు, మీసం దువ్వుకున్నాడు, వెళ్లిపోయాడు. మర్నాటికి జనరేటరు పెరట్లోకి పోయింది. వీధంతా పొట్టలు పట్టుకుని నవ్వాం, ఆసామి చెవిన మాత్రం పడనివ్వలేదు.

చిన్నబావ కూడా మెత్తబడ్డాడు. అన్నయ్య వస్తే నేనూ కూర్చుంటానన్నాడు. ఇక మీదే ఆలస్యం.

ఇట్లు,
ఓటమి ఎరుగని బామ్మర్ది


ఫిబ్రవరి 17
ఇంటి నుంచి

బామ్మర్దికి,

నీ ఉత్తరం చదివి నవ్వాను. మీ అక్క చూసి, వాడు గెలిచాడా అని అడిగింది. గెలిచింది నేనని చెప్పాను.

నువ్వు గవర్నమెంటు పెట్టేశావురా. ఇన్నాళ్లూ నన్ను తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు నీ అద్దం ముందు నిలబడి చదువుకో. మాది అసలు ఖాకీ. దాని వెనక చట్టం ఉంది, ఆ చట్టం నచ్చకపోతే అప్పీలు ఉంది. నీది అద్దె ఖాకీ. ఐసు ఆసామి నీ నాటకాలాయన మీద ఎక్కడికెళ్లి అప్పీలు చేసుకోవాలి?

ఇంకో మాట, ఇది నవ్వులాట కాదు. లేని అధికారం ఉన్నట్టు వేషం వేయడం నేరం. తెలిసీ ఊరుకోవడం నా ఉద్యోగానికి తగదు. నువ్వు రాసి నన్ను ఇరకాటంలో పెట్టావు.

నీ కుర్చీకి నేను రాను. అందులో ఇప్పుడు కొత్తగా ఏముంది?

మీ బావ


మార్చి 2
షాపు నుంచి

బావగారికి,

నమస్కారం లేదు. నిన్న నా షాపుకి కానిస్టేబుల్ వచ్చాడు. నాటకాలాయన ఎక్కడుంటాడు, ఖాకీ దుస్తుల సంగతేమిటి అని అడిగాడు. తెలియదన్నాను. మళ్లీ వస్తానని వెళ్లాడు. ఊరుకోవడం తగదని మీరు రాశారు, ఊరుకోలేదన్నమాట. మీ భార్య తమ్ముణ్నని కూడా చూడలేదు. నేను మా బావకి రాశాననుకున్నాను, కోర్టుకి రాశాను.

మీకు సంతోషం కలిగించే కబుర్లు ఇంకా ఉన్నాయి. గొడుగులు బాగుచేసేవాడు నన్ను సార్ అన్నాడు. నాకు గుర్తున్నప్పటినుంచీ ఒరేయ్ అనేవాడు. జనం షాపు బయట చెప్పులు విప్పి లోపలికి వస్తున్నారు. మొన్న ఇద్దరు వేరువేరుగా వచ్చి ఒకే మాట చెప్పారు. నురగ వద్దు, వినడాలూ చెప్పుకోవడాలూ వద్దు, మీవాణ్ని టోపీ పెట్టుకుని ఒకసారి అవతలివాడి ఇంటి ముందు నడవమను చాలని. ఇద్దరూ ఒకరి మీద ఒకరు. కుర్చీలో కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు ఈ మూడు వారాల్లో ఒక్కరూ లేరు.

చిన్నబావ నిన్న కత్తిరింపుకి వచ్చాడు. ఎప్పుడు కూర్చుంటావని అడిగితే నా వైపు అద్దంలోంచే చూశాడు. "నీ కుర్చీ వెనక కూడా లాఠీ ఉందని తెలిసింది. నాకు ఉన్న తాళం చాలు" అన్నాడు. జుట్టు సగంలో లేచి వెళ్లిపోయాడు. సగం కత్తిరించిన తలతోనే తిరుగుతున్నాడు.

మీ ఇల్లు, మీ చట్టం చల్లగా ఉండాలి.

సంతకం అక్కర్లేదు, మీవాళ్లు కనిపెట్టగలరు


మార్చి 8
ఇంటి నుంచి

బామ్మర్దికి,

నేను ఎవరికీ చెప్పలేదు.

చెప్పాలని కాగితం తీసుకున్న మాట నిజం. తేదీ వేశాను, పై అధికారి హోదా రాశాను. అప్పుడు ఎప్పుడూ చూడని ఆ కుట్టుపని ఆవిడ బల్ల గుర్తొచ్చింది. జనరేటరు మళ్లీ గోడకి ఆనుతుందనిపించింది. కాగితం చింపేశాను. నా ఉద్యోగ జీవితంలో, చేయాలని తెలిసీ చేయని మొదటి పని అది. దానికి నువ్విచ్చిన బహుమానం చదివాను.

ఇక ఉత్తరాలు అక్కర్లేదు.

మీ అక్క భర్త


మార్చి 25
షాపు నుంచి, తలదించుకుని

బావగారికి,

అక్కర్లేదన్నా రాస్తున్నాను. చదవకపోతే అక్క చదివి వినిపిస్తుంది. అలా మాట తీసుకున్నాను.

కానిస్టేబుల్ మళ్లీ వచ్చాడు. వచ్చింది నేరం గురించి కాదు. నాటకాలాయన వేషానికని తీసుకున్న ఖాకీ జత తిరిగివ్వలేదని నాటక కంపెనీవాళ్లు ఫిర్యాదు చేశారట. అది నా షాపులోనే, తువ్వాళ్ల వెనక వేలాడుతోంది. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన సరిగ్గా దాని కిందే కూర్చుని టీ తాగాడు. తీసి చేతికిచ్చాను. మిమ్మల్ని ఒక్క మాట అడగకుండా విచారణ జరిపి, తీర్పు చెప్పి, శిక్ష కూడా వేసేశాను. మీ ఆఫీసులో ఖాళీ ఉంటే చెప్పండి. ఇంతకన్నా బాగా క్షమాపణ అడగడం నాకు రాదు.

మీరు రాసిన అప్పీలు మాట మాత్రం మింగుడుపడలేదు. లాఠీ మీ చేతిలో ఉన్నప్పుడు నాకు ఒళ్లు మండేది. నా చేతిలోకి రాగానే ఎంత తేలిగ్గా ఉందో. నిజమైన ఖాకీకైనా అద్దె ఖాకీకైనా రుచి అదే అని నాకనిపించింది. మీది మంచిదని ఒప్పుకోను. నాది మంచిదని ఇక అనను.

అందుకని డిపోకి వెళ్లాను. ఆ వచ్చినవాడు నాటకాలవాడని, పంపింది నేనని ఆసామికి చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. జనరేటరు తెచ్చి మళ్లీ అదే గోడకి ఆనించాడు.

కుట్టుపని ఆవిడ షాపుకి వచ్చింది. పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి జాకెట్టు అంచుకి గుచ్చుకుంది. "నిజం చెప్పి నువ్వు తేలికపడ్డావు. వణికేది నా బల్ల" అంది. నేను దువ్వెన కడిగాను. కడిగిందే కడిగాను.

తర్వాత జరిగింది నేను చేయలేదు, ఒట్టు. పళ్లరసాలాయన ఐసు వేరే చోటునుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఎందుకని ఆసామి అడిగితే, మా ఆవిడ జాకెట్టు రెండుసార్లు వంకరపోయిందన్నాడు. చేపలావిడ మానేసింది. ఆవిడ కారణం కూడా చెప్పలేదు. ఎవరూ ఎవరికీ కబురు పెట్టలేదు, తిట్టలేదు, డిపో అద్దం మీద రాయి వేయలేదు. నాకు నాలుగు మాటలు ఎగదోయాలని నోరు దురద పెట్టింది. నోరు మూసుకుని కూర్చోవడం ఇంత కష్టమని, ఇన్నాళ్లూ కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ల మీద మొదటిసారి జాలేసింది.

ఒక పొద్దున ఆసామి మాసిన గడ్డంతో వచ్చి, ఇంట్లో బ్లేడు మొద్దుబారిందన్నాడు. నేనేమీ అడగకుండా నురగ పట్టించాను. ఆవిడ వచ్చి చెప్పుకుంది, చివరిదాకా. తర్వాత ఆవిడ సూదులు పెట్టుకుంది, ఆసామి చెప్పాడు. పెరట్లో పెడితే వానొచ్చినప్పుడు నీళ్లు జనరేటర్లోకి పోతాయట, గోనెల్లో ఐసు దారిలోనే కరిగిపోతోందట. మొండితనం అనుకున్నది సగం నష్టం భయం. ఇప్పుడు పెరట్లో రేకు వేసి ఇటుకలు కట్టాడు. ఆవిడ ముక్కబట్టలతో మందపాటి తొడుగులు కుట్టిచ్చింది. ఐసు గడ్డలు పెళ్లికూతుళ్లలా బట్టలు కట్టుకుని బండెక్కుతున్నాయి.

రేపు ఇంకొకడు కూర్చోనంటే, జనం కూడా ఊరుకుంటే ఏం చేస్తావని అడుగుతారు. తెలియదు. తెలియదని చెప్పే గవర్నమెంటుని మీరెప్పుడైనా చూశారా?

చిన్నబావ మిగతా సగం జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చాడు. అన్నయ్య ఇంకా వస్తాడా అని అడిగాడు. ఆ జవాబు నాది కాదు. మీరు చెప్పాలి.

ఇట్లు,
మీ అక్క భర్తకి బామ్మర్ది (లెక్క తప్పితే దిద్దుకోండి)


ఏప్రిల్ 6
కోర్టు ఆఫీసు

ఒరేయ్,

మీ అక్క చదివి వినిపించింది. లెక్క తప్పింది. నాకు అక్క లేదు.

నిన్న పక్క హాల్లో మా వాయిదా. మా బంట్రోతు ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి పిలిచాడు. వాది పేరు, తండ్రి పేరు. ప్రతివాది పేరు, తండ్రి పేరు. మూడేసిసార్లు. ఇన్నేళ్లుగా వింటున్నాను, ఎవరి కేసులోనైనా అలాగే పిలుస్తారు. నిన్న మాత్రం, నాన్నని వరండాలో నిలబెట్టి అటొకసారి ఇటొకసారి లాగుతున్నట్టనిపించింది. ఆయన బతికుండగా ఆ గుమ్మం ఎక్కలేదు.

తమ్ముడు రాలేదు. కేసు మళ్లీ వాయిదా పడింది.

ఆదివారం వస్తున్నాను. నీ వాదన ఒప్పుకున్నానని అనుకోకు. బలం లేని న్యాయం నిలవదనే ఇప్పటికీ నా నమ్మకం. గడ్డం మాసింది, అంతే.

మీ బావ


మే 4
షాపు నుంచి

బావగారికి నిండు నమస్కారం,

మీరు వెళ్లాక ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ మీకన్నా పొట్టిగా కనిపిస్తున్నాడు. మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వీధిలో ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటం నాకెంత కష్టమో మీకు తెలుసు.

కేసు వెనక్కి తీసుకున్నారని అక్క చెప్పింది. నెల కావస్తోంది, తాళం ఇంకా అలాగే ఉందట. చిన్నబావ రోజూ నన్ను అడుగుతున్నాడు, అన్నయ్య మళ్లీ మనసు మార్చుకున్నాడా అని. మార్చుకుంటే తిన్నగా చెప్పండి. ఈసారి అడిగి తెలుసుకుంటున్నాను, తీర్మానించడం లేదు.

ఇట్లు,
బుద్ధొచ్చిన బామ్మర్ది, తాత్కాలికంగా


మే 19
ప్రెస్సు నుంచి

ప్రియమైన బామ్మర్దికి,

పైన ఎక్కణ్నుంచి రాస్తున్నానో చూశావు కదా. అయినా మొదటినుంచీ చెబుతాను.

ఆ ఆదివారం నీ కుర్చీలో నేనేమీ అనలేకపోయాను, నీ సబ్బు అంత మందంగా పూశావు. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను. పాత మెషిను అమ్మేద్దామనుకున్నానని తమ్ముడు అనగానే, ఇన్నేళ్లుగా ప్రతిసారీ నేను అక్కడే విరుచుకుపడేవాణ్ని. ఆ వాక్యానికి చివర ఉందని నాకు తెలియదు. నీకు గుర్తుందా వాడేమన్నాడో? "అమ్మేద్దామనుకున్నాను, నువ్వు వద్దంటే మానేసేవాణ్ని అన్నా. నువ్వు వద్దనలేదు. కోర్టుతో అనిపించావు." నురగ కింద నా పెదాలు అదిరాయి. నువ్వు చూసి కూడా చూడనట్టు కత్తి తుడుచుకున్నావు. అందుకు నీకు రుణపడ్డాను.

జడ్జిగారు రాజీ ఎవరు చేశారని అడిగారు. ఎవరూ చేయలేదండీ, మా బామ్మర్ది గడ్డం గీశాడని చెప్పాను. ఆయన అది రాసుకోలేదు.

మనసు మార్చుకోలేదురా. తాళంచెవి పోయింది. తాళం వేసిన ఉద్యోగి రిటైరయ్యాడు, చెవి ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు. తాళం పగలగొట్టడానికి అనుమతి కావాలి, అనుమతికి దరఖాస్తు పెట్టాలి, దరఖాస్తు మీద కేసు నంబరు వేయాలి. కేసు ముగిసింది కాబట్టి ఆ నంబరు ఇప్పుడు లేదు. నా కింద పనిచేసే కుర్రాడు ఇది నాకు ఎంతో మర్యాదగా వివరించాడు. అందులో తప్పేమీ లేదు, నేను నేర్పిందే.

తమ్ముడు సుత్తి పట్టుకుని బస్సు దిగాడు. కొట్టేస్తాడనుకున్నాను. కొట్టలేదు. నువ్వు సరేనంటే కొడతాను, లేదంటే కూర్చుందాం అని ప్రెస్సు గడప మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. వాడి భుజం నా భుజానికి తగిలేంత దగ్గరగా. దారినపోయేవాళ్లు అన్నదమ్ములనుకుని వెళ్లిపోతున్నారు. కాసేపటికి సుత్తి నేనే అడిగి తీసుకున్నాను. మొదటి దెబ్బ తప్పి నా బొటనవేలు నలిగింది. వాడు నవ్వాడు. తర్వాతది తప్పలేదు.

మర్నాడు బజారుకి వెళ్లి, పగిలినదాని బదులు మంచి తాళం ఒకటి కొని, నేనే పగలగొట్టానని రాసి, కోర్టుకి అప్పగించాను. దాన్ని ఏ పద్దు కింద తీసుకోవాలో తెలియక పై అధికారి తన బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నాడు. నా మీద చర్య ఉండొచ్చు. ఉండనీ. నేను చట్టాన్ని వదిలేశానని నువ్వు వీధిలో చాటకు. రేపు ఎప్పటిలాగే కోటు వేసుకుని వెళ్తాను.

మెషిను అమ్మాలా ఉంచాలా అన్నది తేలలేదు. వాడు రోజూ దానికి నూనె పెడుతూనే, అమ్మేస్తే మంచిదంటున్నాడు. నేను వద్దంటున్నాను, నా నోటితోనే.

కొత్త తాళం కోర్టుకి ఇచ్చేశాను కాబట్టి మా తలుపుకి తాళం లేదు. రాత్రిళ్లు వంతులవారీగా కాపలా పడుకుందామని ఒప్పుకున్నాం. ఇవాళ నీ వంతు అని మాత్రం ఇంతవరకూ ఎవరం అనలేదు. ఇద్దరం ఇక్కడే పడుకుంటున్నాం.

మీ బావ